ప్రశ్నలు – జవాబులు: సున్నా చూపిన గైగర్ గొట్టం

గత సంచికలో, భూ అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న ఆవేశిత కణాలతో నిండి భూమిని చుట్టుకొని ఉన్న వాన్ అలెన్ రేడియేషన్ వలయాల గురించి ప్రచురించిన చిన్న వ్యాసాన్ని చదివి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ భాగం వలయాల గురించి కాక, వాటిని కొలిచే పరికరాల గురించి కావడం ఈ శీర్షిక రాసేవారికి సంతోషం కలిగించింది. అంతరిక్షంలో ఫలానా చోట ఇన్ని కణాలు ఉన్నాయని చెప్పే ప్రతి వాక్యం వెనుకా వాటిని లెక్కపెట్టిన ఒక చిన్న పెట్టె, ఆ లెక్కను నమ్మాలా వద్దా అని తలలు పట్టుకున్న కొందరు మనుషులు ఉంటారు. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: అమెరికా పంపిన తొలి ఉపగ్రహంలోని గైగర్ కౌంటరు పైకి వెళ్ళాక పనిచేయడం మానేసిందని ఒకచోట చదివాను. ఆ కౌంటరే రేడియేషన్ వలయాలను బయటపెట్టిందని ఇంకొకచోట చదివాను. పనిచేయని పరికరం కొత్త విషయాన్ని ఎలా కనుగొంటుంది?

జవాబు: రెండు చోట్లా రాసినదానిలో నిజం ఉంది గాని, “పనిచేయడం మానేసింది” అన్న మాట మాత్రం సరికాదు. 1958 జనవరి 31న ప్రయోగించిన ఎక్స్‌ప్లోరర్-1లో అయోవా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ వాన్ అలెన్ బృందం ఒక గైగర్-ముల్లర్ గొట్టాన్ని అమర్చింది. తక్కువ పీడనంలో వాయువు నింపిన ఒక గొట్టం, దాని నడిమధ్యగా సాగే సన్నని తీగ, తీగకూ గొట్టం గోడకూ మధ్య కొన్ని వందల వోల్టుల తేడా, ఇంతే ఆ పరికరం. విద్యుదావేశం గల కణం ఒకటి గొట్టంలోంచి దూసుకుపోయినప్పుడు దారిలోని వాయు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. అవి తీగ వైపు పరుగెత్తుతూ మరిన్ని పరమాణువులను గుద్ది మరిన్ని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా వరదలా పెరిగిన ఆవేశం తీగను చేరగానే ఒక పల్స్ పుడుతుంది. కౌంటరు దాన్ని ఒకటిగా లెక్కవేసుకుంటుంది.

వాన్ అలెన్ బృందం ఎదురుచూసింది విశ్వకిరణాల కోసం, అంటే సుదూర అంతరిక్షం నుంచి వచ్చే వేగవంతమైన కణాల కోసం మాత్రమే. సెకనుకు సుమారు 30 పల్స్‌లు రావాలని వారి అంచనా, ఉపగ్రహం తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు దాదాపు అలాగే వచ్చాయి కూడా. కానీ దాని కక్ష్య 2,500 కిలోమీటర్ల ఎత్తు వరకు సాగేది, పై భాగంలో ఉన్నప్పుడు అందిన సంకేతాలలో కొన్నిసార్లు లెక్క సున్నాగా కనిపించింది. ఆ ఉపగ్రహంలో టేప్ రికార్డర్ లేదు. భూమి మీది ఏదో ఒక కేంద్రం పైనుంచి వెళ్తున్న కొద్ది నిమిషాల సమాచారమే చేతికందేది. అందువల్ల గొట్టం చెడిపోయిందా, సంకేతం తెగిపోయిందా, నిజంగానే అక్కడ ఏమీ లేదా అన్నది తేలలేదు. మార్చి 26న వెళ్ళిన ఎక్స్‌ప్లోరర్-3లో జార్జ్ లడ్విగ్ తయారుచేసిన చిన్న టేప్ రికార్డర్ ఉండటంతో ఒక పూర్తి ప్రదక్షిణ లెక్క మొదటిసారిగా దొరికింది. ఎత్తు పెరిగేకొద్దీ లెక్క వేగంగా పెరిగింది, తరువాత ఉన్నట్టుండి సున్నా అయింది, కొంతసేపటికి మళ్ళీ పెద్ద లెక్కతో తిరిగి వచ్చి క్రమంగా మామూలు స్థాయికి దిగింది. చెడిపోయిన గొట్టం ఇంత పద్ధతిగా ప్రవర్తించదు. బృందంలోని కార్ల్ మెక్‌ఇల్వెయిన్ అలాంటి గొట్టాన్నే ప్రయోగశాలలో బలమైన ఎక్స్‌రేల ముందు పెట్టి చూసినప్పుడు అక్కడా లెక్క సున్నాకు పడిపోయింది.

కారణం ఇది. ప్రతి పల్స్ తరువాత గొట్టం తేరుకోవడానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయంలో వచ్చిన కణాన్ని అది గుర్తించలేదు. దీన్ని డెడ్ టైమ్ అంటారు. ఉదాహరణకు ఆ సమయం సెకనులో పదివేలవ వంతు అనుకుందాం. కౌంటరు సెకనుకు 5,000 చూపితే గొట్టం సగం సెకను పాటు కళ్ళు మూసుకొని ఉన్నట్టే, కాబట్టి అసలు వచ్చిన కణాలు 10,000. అదే కౌంటరు 9,000 చూపితే మెలకువగా ఉన్నది పదోవంతు సమయమే, అంటే అసలు సంఖ్య 90,000. చూపిన అంకె రెట్టింపు కూడా కాలేదు గాని, నిజం తొమ్మిది రెట్లయింది. ఇంకా ముందుకు పోతే గొట్టం తేరుకునేలోపే మరో కణం వచ్చి పడుతూ ఉండటం వల్ల పల్స్‌లు చిన్నవైపోయి, లెక్కించే సర్క్యూట్ వాటిని గుర్తించను కూడా గుర్తించదు. సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదు, లెక్కకు మించి ఉండటం. 1958 మే 1న వాన్ అలెన్ ఈ సంగతిని బహిరంగంగా ప్రకటించారు.

సోవియట్ శాస్త్రవేత్త సెర్గీ వెర్నోవ్ బృందం 1957 నవంబరులోనే స్పుత్నిక్-2లో గైగర్ గొట్టాలను పంపిన సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆ ఉపగ్రహం ఎక్కువ ఎత్తులో ఉండేది దక్షిణార్ధగోళం మీద. సోవియట్ కేంద్రాలకు అందినవి చాలావరకు తక్కువ ఎత్తులోని సంకేతాలే. వలయాలకు వెర్నోవ్ పేరు పడకపోవడానికి పరికరంలోని లోపం కంటే కక్ష్య, సంకేతాలు అందుకునే కేంద్రాల స్థానం కారణాలని మా అభిప్రాయం.

ప్రశ్న: నేటి ఉపగ్రహాలలో కూడా ఈ గొట్టాలే వాడుతున్నారా? డిజిటల్ కెమెరాలోని చిప్ వంటిది వాడతారని మా అధ్యాపకుడు అన్నారు.

జవాబు: మీ అధ్యాపకుడు చెప్పింది సరైనదే. గైగర్ గొట్టం కణం వచ్చిందని చెబుతుంది గాని, ఎంత శక్తితో వచ్చిందో చెప్పదు. చిన్న కణమైనా పెద్ద కణమైనా పల్స్ ఒకటే పరిమాణంలో ఉంటుంది. అందుకే 1960ల నుంచి సిలికాన్ డిటెక్టర్ల వాడకం పెరిగింది. ఒక సిలికాన్ బిళ్లకు రెండు వైపులా వోల్టేజి ఇచ్చి ఉంచితే, దానిలోకి దూరిన కణం తాను కోల్పోయే ప్రతి 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికీ సగటున ఒక ఎలక్ట్రాన్‌ను దాని చోటి నుంచి విడదీస్తుంది. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులను, అంటే ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు శక్తిని, పూర్తిగా బిళ్లలో వదిలేసిన కణం సుమారు 2,80,000 ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుంది. వాటి మొత్తం ఆవేశం ఒక కూలుంబులో ఇరవై రెండు లక్షల కోట్లవ వంతు మాత్రమే. బిళ్ల పక్కనే ఉండే ప్రీ-యాంప్లిఫయర్ దాన్ని కొలవదగిన వోల్టేజిగా మారుస్తుంది. ఆ పల్స్ ఎత్తు కణం శక్తికి అనుపాతంలో ఉంటుంది. ఎగురుతున్న దోమకు ఉండే గతిశక్తిలో మెగా ఎలక్ట్రాన్ వోల్టు దాదాపు పది లక్షలవ వంతే అయినా, అదంతా ఒక్క పరమాణు కణంలోనే ఇమిడి ఉండటం వల్ల దాన్ని ఇలా విడిగా పట్టుకోవడం సాధ్యమవుతోంది.

కెమెరా చిప్‌తో పోలికకు ఒక ఇబ్బందికరమైన పార్శ్వం కూడా ఉంది. సిలికాన్‌కు వెలుగు కూడా తెలుస్తుంది కనుక సూర్యకాంతి నేరుగా పడితే కణాల పల్స్‌లు ఆ కాంతిలో మునిగిపోతాయి. అందుకని డిటెక్టర్ ముఖానికి పలుచని అల్యూమినియం పూత వేస్తారు. మరోవైపు, కాంతి కోసం పెట్టిన చిప్‌లు కణాలను కూడా నమోదు చేస్తాయి. సూర్యుణ్ణి గమనించే సోహో ఉపగ్రహం చిత్రాలు 2003 అక్టోబరు చివరి సౌర తుఫానుల సమయంలో మంచు కురుస్తున్నట్టుగా తెల్లని చుక్కలతో నిండిపోయింది ప్రోటాన్లు చిప్‌ను తాకడం వల్లనే.

అయితే ఒకే రకం పరికరం అన్ని శక్తులకూ పనికిరాదు. సూర్యుడి నుంచి ఎడతెగకుండా వీచే కణాల ప్రవాహమైన సౌర పవనంలోని ప్రోటాన్ల శక్తి వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. అవి సిలికాన్ పైపొరను కూడా దాటలేవు. వాటికోసం దగ్గరదగ్గరగా ఉంచిన రెండు వంపు పలకల మధ్య వోల్టేజి ఇచ్చి, ఆ వంపుకు సరిపడే శక్తి ఉన్న కణాలనే చివరకు చేరనిచ్చే పద్ధతి వాడతారు. చివరన ఉండే మైక్రోచానెల్ ప్లేటు ఒక్క ఎలక్ట్రాన్‌ను లక్షల ఎలక్ట్రాన్లుగా పెంచి పల్స్ చేస్తుంది. రెండో కొసన ఉన్న పరికరాలకు ఉదాహరణ, 2011 మే నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపై పనిచేస్తున్న ఏఎంఎస్-02. శాశ్వత అయస్కాంతం, సిలికాన్ పొరలు, కాంతి వేగానికి దగ్గరగా వచ్చే కణాలను గుర్తించే చెరెంకోవ్ డిటెక్టర్, ఇంకా మరికొన్ని కలిసి దాని బరువు ఏడు టన్నులు దాటింది. అరచేతిలో ఇమిడే పెట్టె మొదలుకొని లారీకెత్తే యంత్రం వరకు అన్నిటినీ “కణ డిటెక్టర్” అనే పేరుతోనే పిలవడం కొంత అన్యాయమే.

ప్రశ్న: వచ్చినది ప్రోటానా, ఎలక్ట్రానా, ఇనుము కేంద్రకమా అని ఎలా చెబుతారు? పల్స్ మీద పేరు రాసి ఉండదు కదా!

జవాబు: పల్స్ ఒక్కటే ఉంటే చెప్పలేము. అందుకే డిటెక్టర్లను ఒకదాని వెనుక ఒకటిగా పేర్చుతారు. ముందుది చాలా పలుచన, వెనుకది మందం. కణం పలుచని బిళ్లను దాటుతూ కొంత శక్తి కోల్పోయి, మందపు బిళ్లలో ఆగిపోతుంది. పలుచని బిళ్లలో కోల్పోయే శక్తి కణం ఆవేశపు వర్గానికి అనులోమంగా, వేగపు వర్గానికి విలోమంగా ఉంటుందని, అంటే ఒకే వేగంతో వెళ్లే రెండు కణాలలో రెట్టింపు ఆవేశం ఉన్నది నాలుగు రెట్లు ఎక్కువ శక్తిని వదులుతుందని, నీల్స్ బోర్, హన్స్ బేతే వంటివారి కృషి వల్ల తెలిసింది. ఇక్కడొక సౌలభ్యం ఉంది. పలుచని బిళ్లలో కోల్పోయిన శక్తిని కణపు మొత్తం శక్తితో గుణిస్తే వేగం లెక్కలోంచి కొట్టుకుపోయి, ద్రవ్యరాశినీ ఆవేశపు వర్గాన్నీ గుణించిన సంఖ్య మాత్రమే మిగులుతుంది. ప్రోటాన్‌కు ఆ సంఖ్య 1 అనుకుంటే హీలియం కేంద్రకానికి 16, కార్బన్ కేంద్రకానికి 432. వేలాది కణాల కొలతలను గ్రాఫు మీద చుక్కలుగా పెడితే ఒక్కో మూలకం ఒక్కో వంపు గీతగా విడివిడిగా కనబడుతుంది. పల్స్ మీద పేరు లేదన్న మీ మాట నిజమే, కానీ రెండు పల్స్‌లను కలిపి చదివితే పేరు తెలుస్తుంది. ఈ అమరికను కణ టెలిస్కోపు అంటారు, దానిలో కటకాలేవీ లేకపోయినా.

ఎలక్ట్రాన్లు మాత్రం ఈ పద్ధతికి సరిగా లొంగవు. తేలిక కణాలు కావడం వల్ల సిలికాన్‌లో అటూ ఇటూ చెదిరి, ఒక్కోసారి వచ్చిన దారినే వెనక్కి పోతాయి. తక్కువ శక్తుల దగ్గర వాటిని ప్రోటాన్ల నుంచి వేరుచేసేందుకు వాడే ఉపాయం ముచ్చటైనది. ఒకే డిటెక్టర్ జంటకు రెండు ద్వారాలు ఉంటాయి. ఒకదానికి పలుచని ప్లాస్టిక్ పొర అడ్డుపెడతారు. సుమారు 400 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లోపు ప్రోటాన్లు దానిలోనే ఆగిపోతాయి, ఎలక్ట్రాన్లు దాదాపు ఏ నష్టమూ లేకుండా దాటుతాయి. రెండో ద్వారం దగ్గర అయస్కాంతం ఉంటుంది. అది తేలికైన ఎలక్ట్రాన్లను పక్కకు ఊడ్చేస్తుంది, బరువైన ప్రోటాన్లు తిన్నగా లోపలికి వస్తాయి. 2006లో వెళ్ళిన స్టీరియో జంట ఉపగ్రహాలలోను, 2020లో వెళ్ళిన సోలార్ ఆర్బిటర్‌లోను ఇదే ఏర్పాటు ఉంది.

ప్రశ్న: కణాలు అన్ని వైపుల నుంచీ వస్తాయి. పెట్టె పక్కగోడను చీల్చుకొని వచ్చిన కణాన్ని కూడా ముందు నుంచి వచ్చినట్టే లెక్కపెడితే? ఆ అంకెలను నమ్మేది ఎలా?

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలలో అతి పదునైన ప్రశ్న ఇదే. పరికరం తయారీలో ఎక్కువ శ్రమ కణాలను లెక్కపెట్టడానికి కాదు, లెక్కపెట్టకూడనివాటిని వదిలేయడానికే పడుతుంది.

మొదటి రక్షణ బరువైన లోహం. డిటెక్టర్ల చుట్టూ టంగ్‌స్టన్, టాంటలం వంటివాటితో కవచం కట్టి, ముందు వైపు మాత్రం ఇరుకైన దారి వదులుతారు. కానీ వందల మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌కు ఈ కవచం పెద్ద అడ్డంకి కాదు. కాబట్టి రెండో రక్షణ తర్కం రూపంలో ఉంటుంది. ముందు బిళ్లలోను, వెనుక బిళ్లలోను సెకనులో పది లక్షలవ వంతు తేడా కూడా లేకుండా పల్స్ వస్తేనే లెక్కలోకి తీసుకోమని, చుట్టూ ఉన్న కాపలా డిటెక్టర్‌లో కూడా పల్స్ వస్తే ఆ కణాన్ని తోసిపుచ్చమని సర్క్యూట్‌కు ముందే చెప్పి ఉంచుతారు. మొదటిదాన్ని కోయిన్సిడెన్స్ అని, రెండోదాన్ని యాంటీ-కోయిన్సిడెన్స్ అని అంటారు. మూడోది ప్రయోగానికి ముందు నేల మీద చేసే కొలత. అమెరీషియం-241 వదిలే 5.486 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా కణాల వంటి, శక్తి ఖచ్చితంగా తెలిసిన కణాలను చూపించి పల్స్ ఎత్తును సరిచూస్తారు. ఆ తరువాత యాక్సిలరేటర్ దగ్గరకు తీసుకెళ్ళి ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి కణపుంజాలతో కొట్టి చూస్తారు. ఇంత చేసినా కక్ష్యలోకి వెళ్ళాక రేడియేషన్ వల్ల సిలికాన్ నెమ్మదిగా పాడవుతుంది, అందులో విద్యుత్ కారుతుంది, రణగొణ పెరుగుతుంది. ఏళ్ల తరబడి పనిచేసిన పరికరం అంకెలను మొదటి ఏడాది అంకెలతో నేరుగా పోల్చడం అందుకే తొందరపాటు.

ఇక నమ్మకం గురించి రెండు సంఘటనలు చెప్పాలి, రెండూ 2012లోనివే. ఆ ఏడాది ఆగస్టు 30న నాసా రెండు ఒకే రకమైన వాన్ అలెన్ ప్రోబ్‌లను ప్రయోగించింది. వాటిలోని రెప్ట్ అనే టెలిస్కోపును అనుకున్న దానికంటే ముందే, కొద్ది రోజులకే, పనిలోకి దించారు. 1992 నుంచి తిరుగుతున్న శాంపెక్స్ అనే పాత ఉపగ్రహం వాతావరణంలో పడి కాలిపోయే లోపల రెండింటి లెక్కలనూ పోల్చుకోవాలన్నదే ఆ తొందరకు కారణం. అయితే రెప్ట్ రెండు వలయాల బదులు మూడు చూపించింది. అప్పటికి ఐదు దశాబ్దాలకు పైగా పుస్తకాలలో ఉన్నది రెండే కాబట్టి, పరికరంలో ఏదో దోషం ఉందేమోనని బృందం మొదట అనుమానించింది. తనిఖీలో ఏ దోషమూ దొరకలేదు. పైగా వేర్వేరు చోట్ల ఎగురుతున్న రెండు ఉపగ్రహాలూ ఒకటే మాట చెప్పాయి. ఆ మూడో వలయం సుమారు నాలుగు వారాలు నిలిచి, సూర్యుడి నుంచి వచ్చిన ఒక షాక్ తరంగంతో చెదిరిపోయింది. టెలిస్కోపును మామూలు పద్ధతిలో ఆలస్యంగా వెలిగించి ఉంటే దాని పుట్టుక ఎవరి కంటా పడేది కాదు.

రెండో సంఘటన అదే ఆగస్టు 25న, సూర్యుడి నుంచి 1,800 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో జరిగింది. వాయేజర్-1లో 1977 నుంచి పనిచేస్తున్న పరికరాలలో సౌరమండలం లోపలి నుంచి వచ్చే తక్కువ శక్తి కణాల లెక్క ఒక్కసారిగా అడుగంటింది; బయటి నుంచి వచ్చే విశ్వకిరణాల లెక్క అదే సమయంలో పెరిగింది. ఎక్స్‌ప్లోరర్ చూపిన సున్నా అబద్ధమైతే, ఇక్కడ దాదాపు సున్నాకు పడిన లెక్క నిజం: వ్యోమనౌక సౌర పవనపు ఎల్ల దాటింది. రెండింటికీ తేడా ఎలా తెలిసిందంటే, పక్కనే ఉన్న రెండో కొలత దారి చూపింది. ఒంటరి అంకెను ఈ రంగంలో ఎవరూ త్వరగా నమ్మరు.

ప్రశ్న: నక్షత్రాలను పరిశీలించే ఆస్ట్రోశాట్‌లో కూడా ఆవేశిత కణాలను లెక్కపెట్టే పరికరం ఉందట. దానికి అక్కడ పనేమిటి?

జవాబు: కాపలా పని. భూ అయస్కాంత క్షేత్రం దక్షిణ అట్లాంటిక్ ప్రాంతంలో బలహీనంగా ఉండటం వల్ల లోపలి వలయం అక్కడ కిందికి దిగుతుంది. 650 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆస్ట్రోశాట్ ఆ ప్రాంతంలోకి వెళ్ళినప్పుడు, సీజియం అయోడైడ్ స్ఫటికంతో చేసిన ఈ చిన్న పరికరంలో లెక్క ముందుగా నిర్ణయించిన హద్దు దాటుతుంది; ఆ సమాచారంతో మిగతా ఎక్స్‌రే డిటెక్టర్ల హై వోల్టేజిని తగ్గించి వాటిని కాపాడతారు.

ప్రశ్న: సౌర తుఫాను వచ్చినప్పుడు “ఎస్1”, “ఎస్3” అని వార్తలలో రాస్తారు. ఆ అంకెలకు అర్థం ఏమిటి? వ్యోమగాములను ముందుగా హెచ్చరించే వీలు ఉంటుందా?

జవాబు: 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన శక్తి గల ప్రోటాన్లు ఒక చదరపు సెంటీమీటరుపై, ఒక సెకనులో, ఒక స్టెరేడియన్ ఘనకోణం నుంచి ఎన్ని వస్తున్నాయన్నది ఈ కొలమానానికి ఆధారం. ఆ సంఖ్య 10కి చేరితే ఎస్1, 100కు ఎస్2, 1,000కి ఎస్3. ఎస్5 అంటే లక్ష. ఆకాశం మొత్తం 12.6 స్టెరేడియన్లు కాబట్టి, అన్ని దిక్కుల నుంచీ సమానంగా వస్తున్నాయనుకుంటే ఎస్1 స్థాయిలో ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోత గల చిన్న గోళం గుండా సెకనుకు సుమారు 125 ప్రోటాన్లు పోతాయి. భూస్థిర కక్ష్యలోని గోస్ వాతావరణ ఉపగ్రహాలు 1970ల నుంచి ఈ లెక్కను చెబుతున్నాయి.

వార్తలలో తరచుగా రెండు తుఫానులను ఒకటిగా కలిపేస్తారు, అది మమ్మల్ని కొంత బాధించే విషయం. సూర్యుడి నుంచి విడివడిన ప్లాస్మా మేఘం భూమిని చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది; దాని వల్ల కలిగేది అయస్కాంత తుఫాను. ఎస్ కొలమానం చెప్పేది కణాల తుఫాను, అది చాలా ముందే వస్తుంది. వెలుగు 8 నిమిషాల 20 సెకన్లలో వస్తే, వంపు తిరిగిన అయస్కాంత రేఖల వెంట రావలసిన 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌కు దాదాపు 23 నిమిషాలు, 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌కు గంటకు కొంచెం ఎక్కువ పడుతుంది. కాబట్టి హెచ్చరికకు మిగిలే వ్యవధి నిమిషాలలోనే. ఇక్కడ ఎలక్ట్రాన్లు పనికివస్తాయి. ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు ఎలక్ట్రాన్ కాంతి వేగంలో 94 శాతం వేగంతో వస్తుంది కనుక, అది ప్రోటాన్ల కంటే ముందు వచ్చే దూత వంటిది. సోహోలోని కాస్టెప్ అనే పరికరంలో ఎలక్ట్రాన్ల లెక్క ఎంత త్వరగా పెరుగుతోందో చూసి, వెనుక వచ్చే ప్రోటాన్ల తీవ్రతను గరిష్ఠంగా గంట ముందు అంచనా వేసే పద్ధతిని రూపొందించారు. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువు దగ్గర ఏస్, సోహోలతో పాటు 2024 జనవరి నుంచి ఆదిత్య-ఎల్1 కూడా ఉంది. దానిలోని ఆస్పెక్స్ పరికరం సౌర పవన కణాలను, అంతకు మించిన శక్తి గల అయాన్లను కొలుస్తుంది.

1972 ఆగస్టులో వచ్చిన ప్రోటాన్ తుఫాను అపోలో-16, అపోలో-17 యాత్రల మధ్య పడింది. ఆ సమయంలో ఎవరూ చంద్రుడి మీద లేకపోవడం కేవలం అదృష్టం.

ప్రశ్న: ఉపగ్రహం చుట్టూ సీసపు తొడుగు వేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు ఎలక్ట్రాన్‌ను ఆపడానికి రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు, 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌కు మూడున్నర సెంటీమీటర్లకు పైగా కావాలి. అంత బరువును ఏ రాకెట్టూ సంతోషంగా మోయదు. పైగా సీసం వంటి బరువైన లోహంలో ఎలక్ట్రాన్లు ఆగేటప్పుడు ఎక్స్‌రేలు పుట్టి లోపలికి చొచ్చుకుపోతాయి. పలుచని గోడను దాటిన ఎలక్ట్రాన్లు తీగల తొడుగుల వంటి విద్యుద్బంధకాలలో రోజుల తరబడి పోగుపడి చివరకు మెరుపులా విడుదలవుతాయి. 1994 జనవరిలో కెనడాకు చెందిన అనిక్ సమాచార ఉపగ్రహాలు రెండు అదుపు తప్పడానికి ఇదే కారణమని తేల్చారు.

ప్రశ్న: కణాల సంఖ్య తెలిస్తే వ్యోమగామికి తగిలే రేడియేషన్ మోతాదు తెలిసినట్టేనా?

జవాబు: కాదు. సంఖ్య వేరు, శరీరంలో అవి వదిలే శక్తి వేరు, ఆ శక్తి వల్ల కలిగే హాని వేరు. ఒక కిలోగ్రాము కణజాలంలో ఎన్ని జౌళ్ల శక్తి చేరిందో చెప్పేది గ్రే. ఆ శక్తిని వదిలింది ఎలక్ట్రానా, బరువైన కేంద్రకమా అన్న తేడాను కలిపి చెప్పేది సీవర్ట్. ఇనుము కేంద్రకం తన దారిలోని జీవకణాల డీఎన్ఏను దట్టంగా తెంచుతుంది కనుక, ఒకే గ్రే మోతాదుకు అది ఎక్కువ సీవర్ట్‌లుగా లెక్కకు వస్తుంది. విశ్వకిరణాలలో బరువైన కేంద్రకాలు ఒక శాతం మాత్రమే ఉన్నా, మోతాదు లెక్కలో వాటి వాటా అంతకు ఎన్నో రెట్లు ఉండటానికి కారణం ఇదే. అందువల్ల 2009లో చంద్రుడి కక్ష్యకు వెళ్ళిన క్రేటర్ అనే పరికరంలో సిలికాన్ బిళ్లల మధ్య మానవ కణజాలాన్ని పోలిన ప్లాస్టిక్‌ను ఉంచారు, దాని లోపల కణం ఎలా మారుతుందో చూడటానికి.

క్యూరియాసిటీ రోవర్‌లోని రాడ్ పరికరం 2011–12లో అంగారకుడికి వెళ్ళే దారిలోనే పనిచేసి, రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్ట్‌లను నమోదు చేసింది. అంగారకుడి నేల మీద మొదటి ఏడాదిలో రోజుకు సుమారు 0.64. భూమి మీద మనిషికి సహజంగా తగిలే మోతాదు ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. అంటే ఆ ప్రయాణంలో రెండు రోజులైనా గడవకముందే భూమి మీది ఏడాది మోతాదు పూర్తవుతుంది.

ప్రశ్న: ఇంజనీరింగ్ విద్యార్థులు ఇలాంటి పరికరాన్ని తయారుచేయగలరా, లేక ఇది పెద్ద సంస్థలకే సాధ్యమా?

జవాబు: చేశారు. కొలరాడో విశ్వవిద్యాలయ విద్యార్థులు తయారుచేసిన, ముప్పై సెంటీమీటర్ల పొడవు మాత్రమే ఉన్న క్యూబ్‌శాట్ అనే రకం బుల్లి ఉపగ్రహం ఒకటి 2012 సెప్టెంబరులో కక్ష్యలోకి వెళ్ళింది. దానిలోని రెప్టైల్ అనే పరికరం పైన చెప్పిన రెప్ట్‌కు చిన్న తమ్ముడు: వరుసగా పేర్చిన సిలికాన్ బిళ్లలు, చుట్టూ టంగ్‌స్టన్, టాంటలం కవచం. విశ్వకిరణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రాన్లలో కొన్ని పైకి ఎగసి, దారిలో విచ్ఛిన్నమై ప్రోటాన్లను, ఎలక్ట్రాన్లను ఇస్తాయని 1950ల చివరి నుంచే భావిస్తూ వచ్చారు. లోపలి వలయంలోని ప్రోటాన్లకు అదే మూలమని అంగీకారం కుదిరినా, ఆ ఎలక్ట్రాన్లను స్పష్టంగా పట్టుకున్న కొలత అప్పటివరకు లేదు. లోపలి వలయపు అంచున, ఇతర ఎలక్ట్రాన్లు చాలా తక్కువగా ఉండే చోట, ఈ క్యూబ్‌శాట్ వాటిని గుర్తించింది. ఆ ఫలితం 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. మీరు అలాంటిది మొదలుపెడితే డిటెక్టర్ కొనడం గురించి ముందు ఆలోచించకండి. ఆ పెట్టెలో బరువైన భాగం కవచమే, మీ నెలలన్నీ ఖర్చయ్యేది పక్క నుంచి వచ్చే కణాలను ఎలా తోసిపుచ్చాలన్న లెక్క దగ్గరే.